ఛైర్మన్ నియామకం, మంత్రిగారి దగ్గరివాళ్ల కాంట్రాక్టు: సభలో ఎలా అడిగించాలి?

గుంటూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా జిల్లాలో పనులు చేసే ఒక రాష్ట్ర కార్పొరేషన్‌కి కొత్త ఛైర్మన్‌ని వేశారు. ఏ అర్హత చూశారో తెలీదు. జీతం ఎంత, కారు ఖర్చు ఎవరిది అని ఆర్టీఐ పెడితే 'వ్యక్తిగత సమాచారం' అని తిప్పి పంపారు. అదే సంస్థలో ఒక పని మంత్రిగారి దగ్గరివాళ్లకి వెళ్లిందని ఊళ్లో అనుకుంటున్నారు. బ్రిటన్‌లో పన్ను తక్కువ కట్టినందుకే ఉప ప్రధాని రాజీనామా చేసింది కదా, మన పార్లమెంటుకి ఆ అధికారం లేదా? మా ఎంపీ చేత ప్రశ్న వేయిస్తే పనవుతుందా?"

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం సచివాలయంలో ఎల్‌ఏక్యూ ఫైళ్లతోనే గడిచింది, ముందు హైదరాబాద్‌లో, తర్వాత వెలగపూడిలో. ఎమ్మెల్యే వేసిన ప్రశ్నకి మంత్రి సభలో చదివే జవాబు తయారయ్యే ఫైలు అది. కాబట్టి అడిగేవాళ్ల వైపు నుంచి కాకుండా జవాబు రాసేవాళ్ల వైపు నుంచి చెబుతాను. ఏ ప్రశ్న వస్తే సెక్షన్ అంతా టెన్షన్ పడేదో, ఏ ప్రశ్న చూసి హమ్మయ్య అనుకునేవాళ్లమో తెలిస్తే మీకు సగం దారి దొరికినట్టే.

ముందుగా, ఎంపీ దగ్గరికి వెళ్లకండి. రాష్ట్ర కార్పొరేషన్ మీద లోక్‌సభలో వేసే ప్రశ్న నోటీసు దశలోనే ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వానికి బాధ్యత ఉన్న విషయం మీదే అక్కడ అడగాలి. పైగా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ 2024 జూన్ నుంచి కేంద్ర సహాయ మంత్రి. మంత్రులు జవాబులు చెబుతారు తప్ప ప్రశ్నలు వేయరు. ఆ కార్పొరేషన్ చేస్తున్న పనిలో కేంద్ర పథకం డబ్బు ఉంటే మాత్రం, ఆ డబ్బు వరకు, విజయవాడ ఎంపీ చేతనో రాజ్యసభ సభ్యుడి చేతనో అడిగించొచ్చు. దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి. 'ఎంత విడుదల చేశారు, వినియోగ ధ్రువపత్రం వచ్చిందా' అన్నంత వరకే అడగండి. ఛైర్మన్ ఊసెత్తితే మొత్తం ప్రశ్నే పోతుంది.

ఇక అసలు చోటు శాసనసభ, శాసనమండలి. ఇక్కడ అందరూ చేసే పని ఏమిటంటే ఆరోపణనే ప్రశ్నగా పంపడం. మాకు ఎన్నోసార్లు వచ్చిన నమూనా ఇది: "(అ) ఫలానా కార్పొరేషన్ ఛైర్మన్ నియామకంలో నిబంధనలను ఉల్లంఘించిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, తీసుకున్న చర్యలేమిటి?" జవాబు రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు. "(అ) లేదండి. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." ఫైలు పైకి వెళ్లిపోతుంది, మేం టీకి వెళ్లిపోతాం. సభ్యుడు సభలో ఎంత గట్టిగా అరిచినా రికార్డులో మిగిలేది ఆ రెండు ముక్కలే.

అదే విషయం ఇలా వస్తే కథ వేరు: "(అ) సదరు ఛైర్మన్‌ను ఏ జీవో ద్వారా, ఏ తేదీన, సంస్థ నిబంధనావళిలోని ఏ నిబంధన కింద నియమించారు? (ఆ) ఛైర్మన్‌కు చెల్లిస్తున్న గౌరవ వేతనం, ఇంటి అద్దె, వాహనం, సిబ్బంది ఖర్చు నెలకు ఎంత, ఏ పద్దు నుంచి? (ఇ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిపై ఇచ్చిన పనులు, వాటి విలువ, కాంట్రాక్టు పొందినవారి పేర్లు ఏమిటి? (ఈ) సంస్థ చివరి వార్షిక నివేదికను సభ ముందు ఉంచిన తేదీ ఏమిటి?" ఇందులో ఆరోపణ ఒక్కటీ లేదు. కానీ దీనికి 'లేదండి' అని రాయడానికి వీల్లేదు. కార్పొరేషన్ ఎండీ నుంచి వివరాలు తెప్పించాలి, ఆర్థిక శాఖని అడగాలి, పక్కన అనుబంధ (సప్లిమెంటరీ) ప్రశ్నలకి నోట్ పెట్టాలి. ఆ నోటే మంత్రిగారికి అసలు బలం. సప్లిమెంటరీలో సభ్యుడు ఏం అడగొచ్చో మేమే ఊహించి, దానికి జవాబు కూడా రాసిపెడతాం. తప్పు లెక్క సభలో చదివితే సభాహక్కుల గొడవ అవుతుంది కాబట్టి ఎండీ దగ్గర నుంచి కింది గుమాస్తా వరకు ఎవరూ అంకె మార్చే ధైర్యం చేయరు. నేను చూసినంతలో ప్రభుత్వం నిజం చెప్పే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఈ కాగితం మీదే.

(ఈ) భాగాన్ని చాలామంది పట్టించుకోరు. మీరు మాత్రం వదలకండి. 2013 కంపెనీల చట్టం 395వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదిక, దాని మీద ఆడిట్ రిపోర్టు, కాగ్ వ్యాఖ్యలు సభ ముందుకు రావాలి. వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన మూడు నెలల్లోపు నివేదిక తయారు కావాలి. కొన్ని కార్పొరేషన్లు ఏళ్ల తరబడి లెక్కలే ఖరారు చేయవు. ఆ తేదీ అడిగితే అది మంత్రి నోటితోనే ఒప్పుకోవాల్సి వస్తుంది. మీ కార్పొరేషన్ కంపెనీ కాకుండా ప్రత్యేక చట్టం కింద ఏర్పడిందైతే ఆ చట్టంలోనే నివేదికల సెక్షన్ ఉంటుంది, ముందు అది చూసుకోండి.

జవాబు ఎటూ తేలకుండా వచ్చినా నిరాశపడనక్కర్లేదు. "విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అంటే అదొక హామీ కింద లెక్క. దాన్ని వెంటపడి అడగడానికి ప్రభుత్వ హామీల సంఘం అని విడిగా ఒక కమిటీ ఉంటుంది. లోక్‌సభలో ఈ కమిటీ 1953 డిసెంబరు నుంచీ ఉంది. అక్కడ హామీ నెరవేర్చడానికి మూడు నెలల గడువు, తప్పితే పొడిగింపు అడుక్కోవాలి. అలా నోటితో అన్నవాటిని ఏరి, ఏ శాఖ దగ్గర ఎన్ని బాకీ ఉన్నాయో చూసుకునేది పార్లమెంటరీ వ్యవహారాల శాఖ. మన దగ్గర సభ్యులు ఈ కమిటీని పెద్దగా వాడుకోరు. జీరో అవర్‌లో మాట్లాడితే టీవీలో వస్తుంది, హామీల కమిటీకి లెటర్ రాస్తే రాదు, అదీ సంగతి.

నియామకాల దగ్గర ఒక విషయం సూటిగా చెప్పాలి. మన దేశంలో ఏ పదవికైనా పేరు ముందు సభకి వచ్చి, సభ్యులు ప్రశ్నలు వేసి, తర్వాత నియామకం జరిగే పద్ధతి లేదు. బ్రిటన్‌లో కొన్ని ముఖ్యమైన పదవులకి 2008 నుంచి పార్లమెంటు సెలెక్ట్ కమిటీలు అభ్యర్థిని పిలిచి అడుగుతున్నాయి, అయితే కమిటీ వద్దన్నా మంత్రి నియమించొచ్చు. మనకి ఉన్నదల్లా కొన్ని పదవుల ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నేతకి ఒక కుర్చీ. కేంద్ర విజిలెన్స్ కమిషనర్, సీబీఐ డైరెక్టర్, లోక్‌పాల్, సమాచార కమిషనర్లు ఈ కోవలోకి వస్తారు. ఒక్క కుర్చీతో ఏమవుతుందిలే అనిపిస్తుంది. 2010లో విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె. థామస్ ఎంపికని లోక్‌సభ ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ కాగితం మీద వ్యతిరేకించారు. ఇద్దరొకవైపు, ఒకరొకవైపు, నియామకం జరిగిపోయింది. కానీ 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నియామకం చెల్లదని కొట్టేసినప్పుడు ఆ అసమ్మతి కాగితం కేసులో బాగా పనికొచ్చింది.

మన రాష్ట్రంలో సమాచార కమిషనర్ల ఎంపికకి ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, ఒక కేబినెట్ మంత్రి కూర్చుంటారు. 2024 ఎన్నికల తర్వాత సభలో ప్రతిపక్ష నేత హోదా మీద వివాదం నడిచింది కాబట్టి ఈ కమిటీ ఎలా కూర్చుంటుందని చాలామందికి అనుమానం. చట్టంలోనే జవాబు ఉంది. గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేత లేకపోతే ప్రతిపక్షంలో పెద్ద గ్రూపు నాయకుడే ఈ పని వరకు ప్రతిపక్ష నేత. ఆయన రావాలి, అభ్యంతరం ఉంటే రాయాలి. రాకపోతే ఆ కుర్చీ ఖాళీ, అంతే. 2019 ఫిబ్రవరిలో అంజలి భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు ఎంపిక ప్రమాణాలు, షార్ట్‌లిస్ట్ బయటపెట్టాలని చెప్పింది. సమాచార కమిషన్ కోసం చెప్పిన మాటే అయినా, పారదర్శకత ఎలా ఉండాలో వాదించేటప్పుడు మీలాంటివాళ్లు ఉదహరించుకోవచ్చు.

నామినేటెడ్ పదవులకి ఈ పాటి కమిటీ కూడా లేదు. మిర్చి యార్డు ఛైర్మన్ గిరీ దగ్గర నుంచి పెద్ద కార్పొరేషన్ల వరకు అవి ఏ పార్టీ వచ్చినా తమవాళ్లకి ఇచ్చుకునేవే. దీనికి పార్టీ తేడా లేదు, ఆ ఫైళ్లు నడిపినవాళ్లెవరైనా ఇదే చెబుతారు. అర్హత అడిగితే జవాబు రాదు, చాలా సంస్థల నిబంధనావళిలో ఛైర్మన్‌కి అర్హత అంటూ రాసే ఉండదు మరి. అందుకే అర్హత వదిలేసి అధికారం, ఖర్చు అడగమంటున్నాను. నియామకం చేసే అధికారం ఏ నిబంధనలో ఉందన్నది గట్టి ప్రశ్న. 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలికి 52 మంది ప్రత్యేక ఆహ్వానితులను వేస్తూ జీవో ఇస్తే, హైకోర్టు దాన్ని సస్పెండ్ చేసింది. ఆ 52 మంది యోగ్యులా కాదా అన్న చర్చతో కాదు, చట్టంలో అలాంటి పదవికి చోటుందా అన్న వాదనతో.

జీవోలంటే గుర్తొచ్చింది. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను జనానికి కనిపించే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది. మీ ఛైర్మన్ నియామకం ఇటీవలిదే అయితే జీవో అందులోనే దొరకాలి. ఆర్టీఐ పెట్టే ముందు అది వెతకండి. దొరికితే జీవో నంబరు వేసి అడగండి, నంబరు ఉన్న దరఖాస్తుకి 'సమాచారం లేదు' అనే వీలుండదు.

మీకు ఆర్టీఐలో వచ్చిన 'వ్యక్తిగత సమాచారం' జవాబు గురించి. ఇదివరకు 8(1)(జె) సెక్షన్ కింద ఒక వెసులుబాటు ఉండేది: చట్టసభకి కాదనలేని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాటను తీసేసింది, 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి పీఐవోలకి (ఆర్టీఐ దరఖాస్తులకి జవాబిచ్చే అధికారులకి) ఇది తేలిక ఆయుధం అయిపోయింది. మీ చేతిలో ఇంకా రెండున్నాయి. ఒకటి 8(2): ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు. రెండోది 4(1)(బి): అధికారులకి, ఉద్యోగులకి నెలకి చెల్లించే వేతనం, సంస్థ బడ్జెట్ ఎవరూ అడగకుండానే సంస్థ ప్రకటించాలి. 'ఛైర్మన్ గారి వివరాలు' అని అడగకండి. 'ఛైర్మన్ కార్యాలయం కింద ఈ ఆర్థిక సంవత్సరంలో పద్దువారీ ఖర్చు, మంజూరు ఉత్తర్వుల నకళ్లు' అని అడగండి. అది మనిషి సమాచారం కాదు, సంస్థ ఖర్చు.

కాంట్రాక్టు సంగతిలో చట్టం మీరనుకున్నంత గట్టిది కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ కింద ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న సభ్యుడు అనర్హుడవుతాడు, కానీ కాంట్రాక్టు స్వయంగా అతని పేరుతో, ప్రభుత్వంతోనే ఉండాలి. కార్పొరేషన్‌తో, బంధువు పేరుతో ఉంటే ఆ సెక్షన్ తగలదు. ఇక మంత్రుల ప్రవర్తనా నియమావళి ఒకటుంది. కేంద్ర హోంశాఖది, కేంద్ర మంత్రులకీ రాష్ట్ర మంత్రులకీ వర్తిస్తుంది. పదవిలోకి వచ్చే ముందు ఆస్తులు, వ్యాపారాలు చెప్పాలి, వ్యాపారం నుంచి తప్పుకోవాలి, కుటుంబ సభ్యులు ప్రభుత్వానికి సరుకో సేవలో అమ్మే వ్యాపారంలోకి దిగకుండా చూడాలి. చదవడానికి బాగానే ఉంటుంది. అయితే కుటుంబం అంటే భార్య లేదా భర్త, మైనర్ పిల్లలు, పూర్తిగా తన మీద ఆధారపడ్డ బంధువులు. మన దగ్గర వ్యాపారాలు చూసుకునే బావమరిది ఇందులో ఎక్కడా తగలడు. మంత్రి నియమం తప్పితే చూడాల్సింది ముఖ్యమంత్రి. చట్టబద్ధత లేదు, సభ ముందు పెట్టాలన్న నిబంధన లేదు.

బ్రిటన్ ఉదాహరణ దగ్గర మీరు కొంచెం పొరబడ్డారు. 2025 సెప్టెంబరులో ఉప ప్రధాని ఏంజెలా రేనర్ రాజీనామా చేసింది పార్లమెంటు ఓటుతో కాదు. హోవ్‌లో కొన్న ఫ్లాట్‌కి స్టాంప్ డ్యూటీ తక్కువ కట్టారన్న విషయాన్ని ఆమే మంత్రుల ప్రవర్తన చూసే స్వతంత్ర సలహాదారు సర్ లారీ మాగ్నస్‌కి అప్పగించారు. మంత్రుల నియమావళి ఉల్లంఘన జరిగిందని ఆయన తేల్చాక తప్పుకున్నారు. ఆ సలహాదారుని వేసేది ప్రధాని, ఆయన నివేదిక ఇచ్చేదీ ప్రధానికే. 2020లో అప్పటి సలహాదారు అలెక్స్ అలెన్, మంత్రి ప్రీతి పటేల్ సిబ్బందితో ప్రవర్తించిన తీరు నియమాలకి విరుద్ధమన్నాడు. ప్రధాని జాన్సన్ ఆమెని అలాగే ఉంచాడు, సలహాదారే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అక్కడ మనకంటే మెరుగైనది ఒకటే: నియమావళి, సలహాదారు తేల్చిన విషయం జనానికి తెలుస్తాయి. తర్వాత ప్రధాని ఏం చేసినా అందరి కళ్ల ముందే చేయాలి.

మన చరిత్రలోనూ అలాంటిది ఉంది, అదీ ఒక ప్రశ్నతోనే మొదలైంది. 1957లో ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎల్‌ఐసీ డబ్బు పెట్టిందా అని లోక్‌సభలో అడిగితే జవాబు డొంకతిరుగుడుగా వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ఫిరోజ్ గాంధీ, సొంత పార్టీ ప్రభుత్వమే అయినా, రూ.1.24 కోట్ల ఆ పెట్టుబడిని లెక్కలతో సహా సభ ముందు పెట్టాడు. ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ చేసింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇచ్చిన జవాబుకీ దొరికిన కాగితానికీ పొంతన కుదరకపోవడమే ఆయన్ని ఇరుకున పెట్టింది.

ఇప్పుడు ఎవరి చేత అడిగించాలి? ఇక్కడ సభలో లెక్కలు తెలియాలి. 175 మంది ఉన్న శాసనసభలో 2024 తర్వాత కూటమి బలం 164, వైఎస్సార్‌సీపీ బలం 11. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల సంఘానికి (పీఏసీ) సభ నుంచి 9 మంది ఎన్నికవుతారు, ఒక్కో సీటుకి 18 ఓట్లు కావాలి. 11 మందితో ఒక్కరూ గెలవరు. 2024 నవంబరులో ఆ పార్టీ ఓటింగ్‌ని బహిష్కరించింది, జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు పీఏసీ ఛైర్మన్ అయ్యారు. అంతకుముందు 2019 సభలో 23 మందితో ఉన్న టీడీపీ నుంచి పయ్యావుల కేశవ్ ఆ కుర్చీలో ఉన్నారు. పార్లమెంటులో 1967 నుంచీ పీఏసీ ఛైర్మన్ ప్రతిపక్షం మనిషే. అది ఆనవాయితీ, చట్టం కాదు. సంఖ్య పడిపోయినప్పుడు ఆనవాయితీని నిలబెట్టాలా వద్దా అన్నది అధికారపక్షం చేతిలో ఉంటుంది, బరిలో ఉండాలా వద్దా అన్నది ప్రతిపక్షం చేతిలో. నన్నడిగితే ఇద్దరూ తగ్గి ఉండాల్సింది. లెక్కలు చూడాల్సిన గదిలో అడిగేవాడే లేకుండా పోయాడు.

అందువల్ల మీరు మండలి వైపు చూడండి. అక్కడ 58 మంది సభ్యులు, 2024 ఆగస్టు నుంచి బొత్స సత్యనారాయణ ప్రతిపక్ష నేతగా ఉన్నారు. ప్రశ్నోత్తరాలు అక్కడా నడుస్తాయి, మంత్రులు అక్కడా జవాబు చెప్పాలి. మీరు డిగ్రీ చదివి ఓటరుగా నమోదై ఉంటే కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ మీకు నేరుగా జవాబుదారీ. ఆయన అధికారపక్షమైనా మొహమాటపడకండి, పైన రాసిన పద్ధతిలో ఉన్న ప్రశ్నని అధికారపక్ష సభ్యులూ వేస్తారు, అందులో ఎవరినీ తిట్టలేదు కాబట్టి. ఆరోపణ పేరుతో సహా చేయాలంటే సభ్యుడు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఆధారం చూపాలి. మీ దగ్గర 'ఊళ్లో అనుకుంటున్నారు' తప్ప ఏమీ లేదు కాబట్టి ఆ జోలికి పోవద్దు. (ఇ)కి వచ్చే జవాబులో పేర్లు వస్తే అప్పుడు చూసుకోవచ్చు. అవసరమైతే లోకాయుక్తకి వెళ్లడానికి కూడా ఆ జవాబు ప్రతి చేతిలో ఉండటం మంచిది.

ఒక్క పేజీలో ప్రశ్న ముసాయిదా, వెనక జీవో నకలు, ఆర్టీఐ తిరస్కరణ లెటర్ జతచేసి ఎమ్మెల్సీ కార్యాలయంలో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. సమావేశాలు ప్రకటించాక వెళ్తే ఆలస్యం, ముందే ఇవ్వాలి. ఈలోపు ఆర్టీఐ మొదటి అప్పీలు వేయడం మరిచిపోవద్దు. దానికి గడువు తిరస్కరణ అందిన రోజు నుంచి 30 రోజులే, కవరు మీద పోస్టల్ ముద్ర ఉంటుంది, ఆ తేదీ చూసుకోండి.